పాట ఎవరిది? దిద్దే చెయ్యి ఎవరిది?

“బావుందప్పా, శానా బావుంది.”

పోయిన శీతాకాలంలో బారువలో మూడు రోజులు జరిగిన పాటల వర్క్‌షాపులో మొదటిరోజంతా నేను విన్న విమర్శ ఇదొక్కటే. ఎవరు పాడినా, ఏం పాడినా, మిగతావాళ్లు ఇదే మాట అన్నారు. ఇరవైమందికి పైగా స్త్రీలు వచ్చారు. పలాస జీడి బట్టీల్లో పిక్కలు కొట్టేవాళ్లు, పొట్టు తీసేవాళ్లు బస్సెక్కి వచ్చారు. ఉద్దానం ఊళ్ల నుంచి కొబ్బరి పీచు పని చేసేవాళ్లు, పొదుపు సంఘాల వాళ్లు వచ్చారు. బారువ తీరం నుంచి చేపలమ్ముకునే స్త్రీలు నలుగురు, పొద్దుటి అమ్మకం అయ్యాక ఖాళీ తట్టలతోనే వచ్చి గోడవారగా కూర్చున్నారు. కూర్చోవడానికి మాకు దొరికింది కొబ్బరికాయలు నిలవ చేసే పాత గోడౌను. సముద్రం హోరు లోపలికి వినిపిస్తూ ఉండేది.

స్త్రీలు తమ పాటలు తామే కట్టుకోవాలి, ఒకరి పాటను ఒకరు మెరుగుపరచుకోవాలి అన్నది మా ఉద్దేశం. చెప్పడానికి ఎంతో సులువైన మాట. కానీ ఒకరి పాట గురించి ఒకరు నోరు విప్పి నిజం చెప్పడానికి ఎన్ని అడ్డంకులున్నాయో ఆ మూడు రోజుల్లో తెలిసింది. వాటిలో ఒక అడ్డంకి నేనే. ఆ సంగతీ దాచకుండా రాయాలనే ఈ వ్యాసం.

పాట అనేది పుట్టుకతో వచ్చే వరం అని మనలో చాలామందికి నమ్మకం. “ఆవిడకి గొంతుంది”, “అతనికి సరస్వతి పలికింది” అంటాం. ఈ నమ్మకం స్త్రీలకి చేసిన అన్యాయం తక్కువది కాదు. ఎందుకంటే పాట కట్టడం నేర్చుకుంటే వచ్చే పని. వడ్రంగానికి ఎలాగో దీనికీ అలాగే సాధన కావాలి, పక్కన కూర్చుని “ఇక్కడ వంకర పోయింది” అని చెప్పేవాళ్లు కావాలి, చెడగొట్టి మళ్లీ చేసుకునే తీరిక కావాలి. మగవాళ్లకి ఈ మూడూ రచ్చబండ దగ్గర, భజన గుడిలో, సంఘం ఆఫీసులో దొరుకుతాయి. పొద్దున్న నాలుగింటికి లేచి, నీళ్లు పట్టి, వంట చేసి, బట్టీకి పోయి, సాయంత్రం మళ్లీ పొయ్యి దగ్గరికి చేరే మనిషికి ఎక్కడ దొరుకుతాయి? ఆమెకి దొరికేది పని మధ్యలో ఊపిరికి ఊపిరికి మధ్య ఉన్న కాస్త చోటు. స్త్రీల పాటలన్నీ ఆ చోటులోంచే వచ్చాయి. ఊడ్పుల పాట, దంపుళ్ల పాట, విసుర్రాయి పాట, జోలపాట. వాటిని మనం జానపదం అని పేరుపెట్టి, ఎవరో ఒకరు కట్టినవి కావన్నట్టు, చెట్టుకి కాసినట్టు మాట్లాడతాం.

ఈ ప్రాంతానికి పాటలో పెద్ద చరిత్రే ఉంది. పలాసకి దగ్గరలోని బొడ్డపాడులో గుడి పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి, ఈ నేల మీద బతికి ఉన్న జముకుల కథని తీసుకుని రైతుల, గిరిజనుల పోరాటాన్ని అందులో పెట్టాడు. 1969 డిసెంబరులో పోలీసుల చేతుల్లో చనిపోయేనాటికి ఆయన పాట ఊరూరా తిరుగుతోంది. ఆ తర్వాత పార్వతీపురం వైపు నుంచి వంగపండు ప్రసాదరావు వచ్చాడు. 1972లో మొదలైన జననాట్యమండలితో కలిసి, ఉత్తరాంధ్ర యాసని రాష్ట్రమంతా వినేలా చేశాడు. 2020 ఆగస్టులో ఆయన పోయినప్పుడు మా గోడౌనులోకి వచ్చిన స్త్రీలలో చాలామంది సొంత మనిషి పోయినట్టే ఏడ్చారట. వీళ్లిద్దరూ చేసిన పని చిన్నది కాదు. యాస సిగ్గుపడాల్సింది కాదని చెప్పారు. పాటలో ఉన్నమాట ఉన్నట్టు పెట్టొచ్చని చూపించారు.

అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. ఈ పాటల్లో స్త్రీలు ఎక్కడున్నారు? పాటలో ఉన్నారు, తల్లిగా, చెల్లిగా, పోరాటంలోకి రమ్మని పిలవబడే మరదలుగా. పాట ముందు ఉన్నారు, వినేవాళ్లుగా. పాట వెనక ఉన్నారు, వంతపాడేవాళ్లుగా. పాట కట్టే చోట ఉన్నవాళ్లు మాత్రం తక్కువ. తెలంగాణ పోరాటంలో మల్లు స్వరాజ్యం ఉయ్యాల పాటలు తానే కట్టి పాడి పల్లెలని కదిలించింది. 1940లలో ప్రజానాట్యమండలిలో మోటూరి ఉదయం స్త్రీల బుర్రకథ దళాన్ని నడిపింది. స్త్రీలు స్టేజీ ఎక్కి కథ చెప్పడమే అప్పట్లో పెద్ద తిరుగుబాటు. ఇలాంటి పేర్లు చెప్పమంటే మన చేతి వేళ్లు చాలు. వేళ్లు సరిపోవడం అంటేనే ఏదో తప్పుందని కదా?

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం మొదలైనప్పుడు కళాజాతాలు ఊరూరా తిరిగి పాటలు పాడాయి. చదువుకోవడానికి వచ్చిన స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. దూబగుంట పేరు దేశమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమం గురించి మనం ఎన్నో వ్యాసాలు రాసుకున్నాం. కానీ సారా దుకాణం ముందు అప్పటికప్పుడు స్త్రీలు కట్టుకున్న మాటలు, మార్చుకున్న బాణీలు ఎన్ని దాచుకోగలిగాం? జాతాలో పాడిన పాట అచ్చయింది. జాతా వెళ్లిపోయాక అదే పాటలో స్త్రీలు తమ ఊరి సారా కాంట్రాక్టరు పేరు చేర్చి పాడుకున్న పాట అచ్చు కాలేదు. నా దృష్టిలో ఆ రెండో పాటే అసలైన వర్క్‌షాపు నుంచి వచ్చింది.

ఇక్కడ సోంపేట దగ్గర కూడా అంతే. బీలని థర్మల్ ప్రాజెక్టుకి ఇవ్వబోమని ఊళ్లన్నీ నిలబడ్డప్పుడు, 2010 జూలై 14న పోలీసులు కాల్పులు జరిపి ప్రాణాలు తీసినప్పుడు, స్త్రీలు ముందు వరుసలోనే ఉన్నారు. ఏళ్ల తరబడి సాగిన దీక్షా శిబిరంలో వంతులవారీగా కూర్చున్నారు. ప్రాజెక్టు రాలేదు, బీల మిగిలింది. ఆ శిబిరంలో రోజులు గడవాలంటే పాట ఉండాలి కదా. ఆ పాటలు ఏమయ్యాయని మా వర్క్‌షాపులో ఒకామెని అడిగాను. “ఆ పొద్దు పాడీసినాం, ఎలిపోనాయి” అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో బాధేమీ లేదు. బాధపడింది నేను.

ఇప్పుడు నా తప్పు చెబుతాను.

మొదటిరోజు మధ్యాహ్నం జీడి పనిచేసే ఒకామె తన పాట మొదటి వరస చదివింది. “శ్రమదోపిడీ చెరలోన స్త్రీల బతుకు నలిగిపోయె” అని. నేను తల ఊపాను. ఇలాంటి మాటలు మా మీటింగుల్లో వినీ వినీ ఆమెకి వచ్చాయి. పాటంటే ఇలాగే ఉండాలని మేమే నేర్పాం. అప్పుడు వెనక నుంచి ఒక ముసలామె, “అమ్మీ, సెర అంటే ఏటి? నువ్వు సెరలో ఉన్నావేటి, బట్టీకాడ ఉన్నావా?” అని అడిగింది. అందరూ నవ్వారు. ఆమె కాసేపు ఊరుకుని, “బట్టీకాడే” అంది. “అక్కడ ఏటి సేస్తన్నావు?” “పిక్కలు కొడతన్నాను.” “పిక్క కొడితే ఏటొస్తాది?” ఆమె తన అరచేతులు చూపించింది. జీడిరసం తగిలి చర్మం నల్లబడి, పొరలు లేచి ఉన్నాయి. ఆ చేతులు చూపిస్తూనే అంది:

పిక్క పగిలితె పప్పు నీకు
జీడిరసం నా సేతికీ

గోడౌను ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. కేజీ లెక్కన కూలి, చేతులకి నూనో బూడిదో రాసుకుని చేసే పని, దేశదేశాలకి పోయే పలుకు, ఇవన్నీ ఆ రెండు వరసల్లో ఉన్నాయి. సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసిన నేను ఇదే విషయం మీద ముప్ఫై పేజీలు రాసి ఉంటాను.

అంతటితో ఊరుకోవలసింది. కానీ ఆ రాత్రి పాటలన్నీ శుభ్రంగా రాసిపెడదామని కూర్చున్నప్పుడు, నేను ఆ రెండు వరసల్నీ “దిద్దాను”. “సేతికీ”ని “చేతులకు” చేశాను. “పగిలితె”ని “పగిలితే” చేశాను. అచ్చులో బాగుంటుందనుకున్నాను. మర్నాడు పొద్దున్న చదివి వినిపించాను. పాట కట్టినామె రెండుసార్లు పాడబోయింది, నోరు తిరగలేదు. దరువు ఎక్కడో విరిగింది. అప్పుడామె కోపమేమీ లేకుండా, “అమ్మగారూ, ఇది ఇప్పుడు మీ పాట. మీరే పాడండి” అంది.

నా వృత్తి జీవితంలో ఇంతకంటే నికరమైన సమీక్ష నాకు రాలేదు. స్త్రీల గొంతు వినిపించాలని ఇరవై ఏళ్లుగా రాస్తున్నాను. వినిపించే ముందు ఆ గొంతుని నా గొంతులా మార్చుతున్నానని మాత్రం గమనించలేదు. మగ నాయకుడు పాటలో నినాదం చేర్చితే పితృస్వామ్యం అంటాం. చదువుకున్న స్త్రీ అచ్చుతప్పులు దిద్దే పేరుతో యాసని తీసేస్తే ఏమనాలి?

అందువల్ల దిద్దడం మాకు రాదు, మీలో మీరే దిద్దుకోండి అన్నాం. అక్కడే అసలు చిక్కు మొదలైంది. “మీలో మీరు” అనగానే అందరూ సమానమైపోరు. పొదుపు సంఘం లీడరు పాడిన పాటని ఎవరు తప్పు పడతారు? రేపు లోను కాగితం మీద ఆమె సంతకం కావాలి. ఆమె పాట పొదుపు గొప్పతనం గురించి, నాలుగు చరణాలు. అందరూ “బావుంది” అన్నారు. ఇక చేపలమ్మే స్త్రీలలో ఒకామె పాడినప్పుడు, ఎవరూ “బావుంది” అని కూడా అనలేదు. ఆ నిశ్శబ్దం పాట గురించి కాదు. తట్ట గురించి, నీచు వాసన గురించి, కులం గురించి. స్త్రీలందరం ఒక్కటే అని పాడుకునే మనం ఆ నిశ్శబ్దాన్ని వినడానికి అలవాటు పడలేదు.

దారి చూపించింది మళ్లీ ఆ ముసలామే. “మాం సిన్నప్పుడు పాట ఎలాగ నేర్సుకున్నాం? ఒకర్తి పాడితే ఇంకోర్తి పాడీది. మాటలాడుకోడం ఏటి, పాడండి” అంది. అంటే ఒకరు పాడిన పాటని ఇంకొకరు, కాగితం చూడకుండా, గుర్తున్నంతవరకు తిరిగి పాడాలి. మేం దీన్నే పద్ధతిగా పెట్టుకున్నాం. అది చేసిన మేలు మాటల్లో చెప్పలేను.

తిరిగి పాడేటప్పుడు ఎక్కడ మరిచిపోయారో అక్కడ పాట బలహీనంగా ఉన్నట్టు. ఏ మాట మార్చేశారో ఆ మాట నోటికి ఎక్కలేదన్నట్టు. ఏ వరస రెండుసార్లు వచ్చిందో అది పల్లవి కావాలన్నట్టు. ఇందులో నిందించడం లేదు, మెచ్చుకోవడం లేదు. సంఘం లీడరు పాటని ముగ్గురు తిరిగి పాడారు. రెండో చరణం ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆమె తనే నవ్వేసి, “అయితే అది తీసీయాల” అంది. ఎదురుగా నిలబడి ఈ మాట చెప్పే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు, మరిచిపోవడానికి ధైర్యం అక్కర్లేదు.

చేపలమ్మే ఆమె పాట సంగతి ఇంకా ముఖ్యం. ఆ పాట గుజరాత్‌లోని వీరావల్‌కి బోట్ల మీద పనికి పోయిన భర్త గురించి. ఈ జిల్లా తీరంలో ఇది ఇంటింటి కథ. 2018లో అలా పోయినవాళ్లు పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లారని పట్టుబడి, 2020 జనవరిలో ఇరవైమంది వాఘా సరిహద్దు దాటి తిరిగొచ్చేదాకా ఇక్కడి ఆడవాళ్లు ఎలా బతికారో ఊహించుకోండి. ఆమె పాట ఇలా మొదలవుతుంది:

మన సంద్రం మన కాడుంటే
మనోడెందుకు ఈరావలు పోనాడే

తిరిగి పాడడానికి ముందు ఎవరూ లేవలేదు. “ఆల పాట మా నోటికి రాదు” అంది ఒకామె. ముసలామె ఊరుకోలేదు. పద్ధతి పద్ధతే అంది. చివరికి జీడి పాట కట్టినామె లేచింది. మొదటి వరస పాడి, రెండోది గుర్తురాక, మొదటి వరసే మళ్లీ పాడింది. “మన సంద్రం మన కాడుంటే, మన సంద్రం మన కాడుంటే...” అలా రెండుసార్లు వచ్చేసరికి ఆ మాటలో అంతకుముందు లేని దిగులేదో వచ్చింది. చేపలమ్మే ఆమె గోడవార నుంచి లేచి వచ్చి, “అలాగే ఉంచీ అప్పా” అంది. ఆ “అప్పా” అనే పిలుపు ఆ మూడు రోజుల్లో ఆమె నోట మొదటిసారి విన్నాను. ఒక పాటతో కులం పోయిందని నేననడం లేదు. ఆ సాయంత్రం టీ గ్లాసులు మళ్లీ విడివిడిగానే పెట్టుకున్నారు. కానీ ఒకరి బాధని మన నోటితో, మన ఊపిరితో పలకాల్సి వచ్చినప్పుడు, ఆ బాధని కాదనడం కొంచెం కష్టమవుతుంది. ఉపన్యాసంతో ఆ పని జరగదు.

అయితే ఇదంతా ఒక ఎత్తు. ఇప్పుడు చెప్పబోయేది ఇంకో ఎత్తు.

రెండోరోజు మధ్యాహ్నం ఒక చిన్నావిడ పాడింది. పొదుపు లోను తన పేరు మీద తీసుకుని, ఆ డబ్బు తాగేసిన భర్త గురించి. “బుక్కులోన నా ఏలిముద్ర, జేబులోన నీ నోట్లు” అన్నది పల్లవి. నవ్వుతూ పాడింది. అందరూ నవ్వుతూ విన్నారు, తర్వాత ఎవరూ నవ్వలేదు. తిరిగి పాడడానికి ఆరుగురు లేచారు. అందరికీ మొదటిసారికే వచ్చేసింది. మా పద్ధతి ప్రకారం చూస్తే అది ఆ మూడు రోజుల్లో వచ్చిన మంచి పాటల్లో ఒకటి.

ఎవరో ఫోనులో రికార్డు చేశారు. చెడ్డ ఉద్దేశంతో కాదు, బాగుందని ఇంట్లోవాళ్లకి వినిపిద్దామని. రాత్రికి అది ఆమె అత్తవారి ఊరి వాట్సాప్‌కి చేరింది. మూడోరోజు ఆమె రాలేదు. ఆమెని కొట్టాడని మధ్యాహ్నానికి తెలిసింది. మాలో ఇద్దరు వెళ్లారు. 2005 నాటి గృహహింస చట్టం గురించి, రక్షణాధికారి గురించి చెప్పారు. ఆమె అప్పటికి వద్దంది. అది ఆమె నిర్ణయం. కానీ ఫోన్ల గురించి ముందే ఒక మాట అనుకోకపోవడం మా నిర్లక్ష్యం. హక్కుల గురించి మాట్లాడే మనం, పాడే మనిషికి తన గొంతు ఎక్కడిదాకా పోవాలో నిర్ణయించుకునే హక్కు ఉందని మరిచిపోయాం.

కొన్ని వారాల తర్వాత ఆమెని కలిశాను. వర్క్‌షాపు పాటలతో ఒక పుస్తకం వేయాలని మా ఆలోచన. ప్రతి పాట కింద కట్టినామె పేరు ఉండాలని పట్టుబట్టినదాన్ని నేనే. స్త్రీల పాటలన్నీ పేరు లేకుండా పోయాయనీ, పేరు లేకపోవడమంటే చరిత్రలోంచి తుడిచివేయబడడమనీ నేను ఎన్నోసార్లు రాశాను. ఆమె పాట మాత్రం వదిలేస్తామని చెప్పడానికి వెళ్లాను.

ఆమె అంది: “పాటెందుకు వదిలీడం? నా పేరు తీసీయండి. ఒక్కర్తినీ పాడితే అది నా ఇల్లు. అందరూ పాడితే ఎవులి ఇల్లని అడుగుతాడు?”

దారి పొడుగునా ఆ మాటే ఆలోచిస్తూ వచ్చాను. 1955లో కృష్ణశ్రీ సంపాదకత్వంలో స్త్రీల రామాయణపు పాటలు అచ్చయ్యాయి. 1991లో వెల్చేరు నారాయణరావు ఆ పాటల మీద రాసిన వ్యాసంలో, పెరట్లో, మధ్యాహ్నపు వేళ, మగవాళ్లు పట్టించుకోని చోట ఆ పాటలు ఎంత స్వేచ్ఛగా రాముణ్ణి ప్రశ్నించాయో చూపించారు. ఆ పాటలు కట్టినవాళ్ల పేర్లు లేవే అని నేను బాధపడేదాన్ని. పేరు ఉండి ఉంటే ఆ మాట అనగలిగేవాళ్లా అని ఇప్పుడు అడగాల్సి వస్తోంది. పేరు లేకపోవడం కొన్నిసార్లు అణచివేత. కొన్నిసార్లు అది స్త్రీలు తమ కోసం వేసుకున్న తడిక. ఏది ఎప్పుడో నిర్ణయించేది పరిశోధకురాలు కాదు, ఆ తడిక వెనక నిలబడ్డ మనిషి.

దీనికి రెండో వైపు కూడా ఉంది, అది మరిచిపోకూడదు. “వుయ్ షల్ ఓవర్‌కమ్” పాట మనందరికీ తెలుసు. అది నల్లజాతివారి చర్చి పాటల్లోంచి వచ్చింది. 1945-46లో అమెరికాలోని చార్ల్‌స్టన్‌లో చుట్టల ఫ్యాక్టరీ ముందు సమ్మె చేసిన కార్మికులు, ముఖ్యంగా నల్లజాతి స్త్రీలు, దాన్ని తమ పాటగా చేసుకున్నారు. లూసిల్ సిమన్స్ అనే కార్మికురాలు దాన్ని బాగా నిదానంగా సాగదీసి పాడేదట. ఆ సమ్మె కార్మికులు హైలాండర్ స్కూల్లో వర్క్‌షాపుకి వచ్చినప్పుడు అక్కడి జిల్ఫియా హోర్టన్ నేర్చుకుంది. ఆమె నుంచి పీట్ సీగర్‌కి వెళ్లింది. “విల్” అన్నది “షల్” అయింది. 1960ల్లో కాపీరైటు తీసుకున్నప్పుడు అందులో హోర్టన్‌తో పాటు ముగ్గురు మగవాళ్ల పేర్లున్నాయి. లూసిల్ సిమన్స్ పేరు లేదు. రాయల్టీ డబ్బు నల్లజాతి సముదాయాల కోసం ఒక నిధికి వెళ్లింది, అది మంచి ఏర్పాటే. చివరికి 2018లో కోర్టు వ్యవహారం తేలి ఆ పాట అందరిదీ అయింది. గేటు ముందు నిలబడి పాడినవాళ్ల పేరు మాత్రం కాగితం మీదికి ఎక్కలేదు. అంటే పేరు వదులుకోవడం ఆమె ఇష్టమైతే అది రక్షణ. ఆమెని అడక్కుండా వదిలేస్తే అది దొంగతనం.

మన చట్టం కూడా ఈ విషయంలో మరీ గుడ్డిది కాదు. 1957 కాపీరైటు చట్టం ప్రకారం పాట కట్టినామెకే దాని మీద హక్కు. రిజిస్టరు చేయించుకోకపోయినా హక్కు పోదు. ఎవరి భాగం ఏదో విడదీయలేనట్టు కొందరు కలిసి కడితే ఉమ్మడి కర్తలవుతారు. హక్కు ఇంకొకరికి ఇచ్చేసినా తన పేరు చెప్పమనే హక్కు, తన పరువుకి భంగం కలిగేలా పాటని వికృతం చేయొద్దనే హక్కు ఆమెకి ఉంటాయి. ఈ సంగతి మన సంఘాల్లో ఎంతమందికి తెలుసు? పల్లె స్త్రీల పాటలు రికార్డు చేసుకుని యూట్యూబ్‌లో పెట్టుకునేవాళ్లకి తెలుసా? తెలిసినా పట్టించుకుంటారా?

ఇదంతా అయ్యాక, స్త్రీల సంఘాలు పాటల వర్క్‌షాపులు పెట్టాలనే నేను గట్టిగా అంటాను. దెబ్బ తగిలిందని మానేస్తే మళ్లీ పాట మగవాళ్ల చేతికి, స్త్రీ వంతపాటకి వెళుతుంది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఎన్నో నివేదికలు వచ్చాయి. 2023 డిసెంబరులో పలాసలో పరిశోధనా కేంద్రం, ఆసుపత్రి మొదలయ్యాయి. జబ్బుకి కారణం మాత్రం ఇప్పటికీ తేలలేదు. డయాలసిస్‌కి భర్తని తీసుకుపోయి, బయట బెంచీ మీద గంటలు గంటలు కూర్చుని, ఆ రోజు కూలి పోగొట్టుకుని, రాత్రి తన కాళ్లవాపు గురించి ఎవరికీ చెప్పని స్త్రీ ఏ నివేదికలో ఉంది? ఆమె గురించి మా వర్క్‌షాపులో ఒక పాట సగంలో ఆగింది. ఆ సగం పూర్తి చేయాల్సింది ఆమె పక్క బెంచీ మీద కూర్చున్న స్త్రీ. మనం కాదు.

కాబట్టి కొన్ని మాటలు చర్చకి పెడుతున్నాను. వర్క్‌షాపు వేళలు స్త్రీల పనివేళలని బట్టి ఉండాలి, పోయిన కూలి ఇవ్వాలి, పిల్లల్ని చూసే మనిషి ఉండాలి. ఇవి లేకుండా పిలిస్తే వచ్చేది తీరిక ఉన్నవాళ్లే. పాట మీద మొదటి మాట పాటతోనే చెప్పాలి, అంటే తిరిగి పాడాలి. మాటలతో విమర్శ ఆ తర్వాత. సంఘం లీడర్లు, కార్యకర్తలు, నాలాంటి పరిశోధకులు అందరికంటే చివర మాట్లాడాలి. ఎవరి పాటని ఎవరు తిరిగి పాడాలో చీటీలు వేసి తేల్చాలి, లేకపోతే ఒకే కులంవాళ్లు ఒకరినొకరు పాడుకుంటారు. ఫోన్లు గుమ్మం దగ్గర పెట్టాలి. రికార్డు చేయాలంటే పాడినామె ఒప్పుకోవాలి. ఒప్పుకున్నామె మర్నాడు వద్దనుకుంటే చెరిపేయాలి. రాసేవాళ్లు విన్నది విన్నట్టే రాయాలి, “నాను” అంటే “నాను” అనే రాయాలి. పేరు వేయాలా, మారుపేరు వేయాలా, అందరి పేరు మీద వేయాలా అన్నది పాట పాటకీ విడిగా అడగాలి. ఇంటి గుట్టు బయటపెట్టే పాట వచ్చినప్పుడు, పాట బాగుందా లేదా అని చూసే ముందు, ఈమె ఈ రాత్రి ఎక్కడ పడుకుంటుంది అని అడగాలి.

ఈ చివరిది చాలామందికి పాటకి సంబంధం లేని ప్రశ్నగా తోచవచ్చు. స్త్రీల పాటకి అదే మొదటి ప్రశ్న అని నాకు బారువలో అర్థమైంది.

మా పుస్తకం ఇంకా అచ్చు కాలేదు. ఆ చిన్నావిడ పాట అందులో ఉంటుంది. దాని కింద ఒక పేరు కాకుండా, ఒప్పుకున్న పద్దెనిమిదిమంది పేర్లుంటాయి. ఆమె పేరు వాటిలో ఉందో లేదో చెప్పం. ఆ పద్దెనిమిదిమందిలో సంఘం లీడరు ఉంది, జీడి పాటామె ఉంది, చేపలమ్మే నలుగురూ ఉన్నారు. ముసలామె వేలిముద్ర వేసి, “నా పేరు పెద్దచ్చరాలతో ఎయ్యండి, నా మొగుడు ఎప్పుడో పోనాడు” అంది.

తర్వాతి వర్క్‌షాపు తేదీలు ఈసారి మేం పెట్టడం లేదు. బట్టీల్లో పిక్కల పని ఎప్పుడు తగ్గుతుందో వాళ్లే చెబుతామన్నారు. ఈలోగా మీ ఊళ్లలో ఇలాంటి ప్రయత్నాలు చేసినవాళ్లు, ముఖ్యంగా తప్పులు చేసినవాళ్లు, ఈ పత్రికకి రాయండి. నాతో విభేదించేవాళ్లు కూడా రాయండి.